మీ నడక డేటాకు ఒక నంబరు ఉండాలి

(బెంగళూరులో తెలుగు పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం, రాతలోకి మార్చినది)

అందరికీ నమస్కారం. ఫిజియోథెరపీ పీజీ చేస్తున్నవాళ్ళు, స్పోర్ట్స్ సైన్స్ వాళ్ళు, మెకానికల్ చదివి బయోమెకానిక్స్‌లోకి వచ్చినవాళ్ళు ఇలా ఒకే గదిలో కూర్చోవడం బెంగళూరులో కూడా తరచుగా జరగదు, అందుకని ఉపోద్ఘాతం లేకుండా సూటిగా ఒక ప్రశ్న అడుగుతాను. మీ సీనియర్ ఒకరు కొన్నేళ్ళ కిందట మోకాలి నొప్పి ఉన్నవాళ్ళ నడక మీద పేపర్ రాశారనుకోండి. ఆ పేపర్ వెనకున్న సీ3డీ ఫైళ్ళు, అంటే వాళ్ళ నడకని కెమెరాలతో రికార్డు చేసిన ఫైళ్ళు, ఈ రోజు ఎక్కడున్నాయో మీలో ఎంతమంది చెప్పగలరు?

(కొన్ని చేతులు లేచాయి.)

సరే. చెయ్యి ఎత్తనివాళ్ళని నేను తప్పు పట్టను, ఎందుకంటే మన కోర్సుల్లో ఇది ఎవరూ నేర్పరు. మామూలుగా ఆ ఫైళ్ళు గైడ్ గారి బీరువాలో ఒక హార్డ్ డిస్క్‌లో ఉంటాయి, లేదంటే చదువు అయిపోగానే మూతపడే కాలేజీ డ్రైవ్ అకౌంటులో, అదీ కాకపోతే కెమెరాలకు కలిపి ఉన్న ఆ ఒక్క ల్యాబ్ కంప్యూటర్లో. పేపర్ చివర మాత్రం "డేటా కావాలంటే రచయితను సంప్రదించండి" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఎన్నాళ్ళు నిలబడుతుందో లెక్క వేసి చూసినవాళ్ళున్నారు. కరెంట్ బయాలజీ పత్రికలో 2014లో వచ్చిన ఒక అధ్యయనం మొక్కల, జంతువుల శరీర కొలతల మీద వచ్చిన 516 పేపర్లు తీసుకుని, వాటి డేటా అడిగి చూసింది. ఆ పేపర్లకి 2 నుంచి 22 ఏళ్ళ వయసు. డేటా ఇంకా మిగిలి ఉండే ఆడ్స్, అంటే ఉండే అవకాశానికీ లేకపోయే అవకాశానికీ ఉన్న నిష్పత్తి, ఏటికి 17 శాతం చొప్పున పడిపోతున్నాయని తేలింది. రచయిత ఈమెయిల్ పనిచేసే ఆడ్స్ కూడా ఏటికి 7 శాతం చొప్పున తగ్గుతున్నాయట. పేపర్లో లింకు ఇచ్చాం కదా అంటారా, అదే ఏడాది ప్లాస్ వన్ పత్రికలో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది, ప్రతి అయిదు శాస్త్ర వ్యాసాల్లో ఒకదానిలో వెబ్ లింకులు చచ్చిపోవడమో, లింకు ఉన్నా లోపలి సరుకు మారిపోవడమో జరిగిందని చెప్పింది. గూగుల్ కోడ్‌లో ప్రోగ్రాములు పెట్టుకున్నవాళ్ళకి ఇది బాగా తెలుసు, 2016 జనవరిలో అది మూతపడింది. అంత పెద్ద కంపెనీ లింకే అలా అయినప్పుడు మన కాలేజీ వెబ్‌సైట్ లింకు సంగతి చెప్పక్కర్లేదు.

మన రంగంలో ఈ నష్టం మిగతా రంగాల కంటే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్తాను. మోకాలు అరిగిపోయిన ఒక పెద్దావిడ ల్యాబ్‌కి వస్తారు. ఒంటి మీద ఎముకల గుర్తులు వెతికి కెమెరాలు గుర్తుపట్టే మార్కర్లు అంటిస్తాం, కొత్త మనుషుల మధ్య ఆవిడకి అదే పెద్ద ఇబ్బంది. తర్వాత నడవమంటాం. పాదం పూర్తిగా ఫోర్స్ ప్లేట్ మీద, అంటే అడుగు బలాన్ని కొలిచే పలక మీద, పడలేదని మళ్ళీ నడిపిస్తాం, ఒక మార్కర్ ఊడిందని మళ్ళీ, ప్లేట్‌ని చూస్తూ అడుగు సాగదీసి వేశారని ఇంకోసారి. నొప్పితోనే ఆవిడ అన్నీ ఓపిగ్గా చేస్తారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిపోతుంది. ఆపరేషన్‌కి ముందు ఆవిడ ఎలా నడిచారన్నది ఇక లోకంలో ఏ కెమెరా మళ్ళీ పట్టుకోలేదు, ఉన్నది ఆ ఫైల్లోనే. రసాయనశాస్త్రంలో ప్రయోగం మళ్ళీ చేసుకోవచ్చు, ఒక మనిషి నిరుటి నడకని మళ్ళీ నడిపించలేం. అలాంటి ఫైలుని పేరూ ఊరూ లేకుండా హార్డ్ డిస్క్‌లో వదిలేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇప్పుడు డీఓఐ, అంటే డిజిటల్ ఆబ్జెక్ట్ ఐడెంటిఫయర్, సంగతికి వద్దాం. పేపర్లకి ఉండే ఆ పొడుగాటి నంబరు మీ అందరికీ తెలుసు, 10 తో మొదలై, చుక్క, కొన్ని అంకెలు, ఒక ఏటవాలు గీత, తర్వాత ఇంకేదో. గీతకి ముందున్న భాగం మొదట ఆ నంబరు ఎవరి ఖాతా కింద ఇచ్చారో చెప్తుంది. 10.5281 కనిపిస్తే జెనోడో, 10.6084 అయితే ఫిగ్‌షేర్, 10.17605 అయితే ఓఎస్ఎఫ్, 10.13026 అయితే ఫిజియోనెట్, ఇవన్నీ పరిశోధన డేటా దాచిపెట్టుకునే వెబ్‌సైట్లు. గీత తర్వాతది ఇచ్చినవాళ్ళ ఇష్టం. దీని అడుగున నడిచే వ్యవస్థ పేరు హ్యాండిల్ సిస్టమ్, ఇంటర్నెట్‌కి ప్రాణమైన టీసీపీ ఐపీని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ కాన్ స్థాపించిన సంస్థలో తయారైంది. 2012 నుంచి డీఓఐకి ఐఎస్ఓ ప్రమాణం కూడా ఉంది, 26324. పనిచేసే తీరు మాత్రం చాలా తేలిక. ఇల్లు మారేటప్పుడు పోస్టాఫీసులో కొత్త అడ్రస్ రాసిచ్చి వెళ్తే పాత అడ్రస్‌కి వచ్చిన ఉత్తరం కూడా మనకే చేరుతుంది కదా, అలాగే డీఓఐ డాట్ ఆర్గ్ దగ్గర ప్రతి నంబరుకీ ప్రస్తుతం ఆ వస్తువు ఎక్కడుందో రాసి ఉంటుంది. సైటు మారితే ఆ ఒక్క రాత మారుస్తారు, పదేళ్ళ కిందటి పేపర్లో అచ్చయిన నంబరు అలాగే పనిచేస్తుంది.

మరి ఆ రాత మార్చకపోతే? ఉత్తరం పాత ఇంటికే పోతుంది. ఇది చాలామంది పట్టించుకోని విషయం. శాశ్వతం అనేది నంబరులో లేదు, ఆ రాతను ఎప్పటికప్పుడు సరిచేస్తామని ఒప్పుకున్న సంస్థలో ఉంది. అందుకే డీఓఐ ఎవరుపడితే వాళ్ళు ముద్రించుకునేది కాదు. పత్రికల వ్యాసాలకి ఎక్కువగా క్రాస్‌రెఫ్ ద్వారా వస్తుంది, అది 2000లో మొదలైంది. డేటాకి ఎక్కువగా డేటాసైట్ ద్వారా వస్తుంది, అది 2009లో మొదలైంది. మీరూ నేనూ వ్యక్తులుగా అక్కడికి వెళ్ళి నంబరు అడగలేం, సభ్యత్వం ఉన్న రిపాజిటరీలో, అంటే డేటా భద్రపరిచే అలాంటి వెబ్‌సైట్లో, డేటా పెడితే వాళ్ళు రిజిస్టర్ చేస్తారు. జెనోడోని యూరప్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ నడుపుతుంది, 2013 నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, ఒక్కో రికార్డులో మామూలుగా 50 జీబీ దాకా పెట్టుకోవచ్చు. వీడియోలు లేని నడక డేటాకి అది చాలా ఎక్కువ. డీఓఐ ఉన్నంత మాత్రాన డేటా మంచిదని అర్థం కాదు, దాన్ని ఎవరో పరీక్షించారనీ కాదు. ఫలానా వస్తువు ఇదే, ఇక్కడే ఉంది అని మాత్రమే అది చెప్తుంది.

ప్రోగ్రాములు పెట్టుకునే గిట్‌హబ్ సైటులో కోడ్ పెట్టాం, లింకు ఇచ్చాం అని చాలామంది అంటారు. గిట్‌హబ్ పని చేసుకోవడానికి మంచి చోటే, కానీ అక్కడి ఫోల్డర్‌ని మీరు రేపు చెరిపేయవచ్చు, పేరు మార్చవచ్చు. దాన్ని జెనోడోకి కలిపి ఒక రిలీజ్ చేస్తే, అంటే ఒక వెర్షన్‌ని ఖాయం చేసి విడుదల చేస్తే, ఆ రోజున్న కోడ్ కాపీ అక్కడ భద్రమై దానికి డీఓఐ వస్తుంది. కొత్త రిలీజ్ చేస్తే కొత్త నంబరు, పాతది పాతదే. వీటన్నిటికీ కలిపి ఇంకో నంబరు ఉంటుంది, దాన్ని నొక్కితే ఎప్పుడూ తాజా వెర్షన్‌కి వెళ్తుంది. ఏది ఎక్కడ వాడాలన్నది ముఖ్యం. "మా సాఫ్ట్‌వేర్ గురించి తెలుసుకోండి" అని చెప్పేటప్పుడు అన్నిటికీ కలిపిన నంబరు సరిపోతుంది, "ఈ పేపర్లోని టేబుల్ ఈ కోడ్‌తోనే వచ్చింది" అనేటప్పుడు మాత్రం ఆ వెర్షన్ నంబరే ఇవ్వాలి.

వెర్షన్ మీద ఎందుకింత పట్టుదల అంటే మన రంగంలో అంకె అనేది ఒంటరిగా బతకదు. క్రికెట్ తీసుకోండి. బౌలర్ చెయ్యి భుజం ఎత్తుకి వచ్చినప్పటి నుంచి బంతి వదిలేదాకా మోచేయి 15 డిగ్రీలు మించి సాగకూడదని ఐసీసీ నియమం, అలాంటి పరీక్షలకి ఐసీసీ గుర్తింపు పొందిన కేంద్రాల్లో చెన్నైలోని శ్రీ రామచంద్ర వైద్య విద్యాసంస్థ కూడా ఉంది. ఇప్పుడు ఆ 15 అనే అంకె ఎలా పుడుతుంది? మార్కర్లు ఎక్కడ అంటించారు, మోచేయి అక్షం ఎలా నిర్వచించారు, కెమెరా సెకనుకి ఎన్ని ఫ్రేములు తీసింది, వచ్చిన సిగ్నల్‌ని ఏ ఫిల్టర్‌తో నునుపు చేశారు, వీటిలో ఏది మారినా అంకె కదులుతుంది. ఒక మనిషి వృత్తి జీవితం ఆ కొద్ది డిగ్రీల మీద ఆధారపడి ఉండవచ్చు. నడకలోనూ అంతే. మోకాలికి గ్రూడ్, సన్‌టే 1983లో ఇచ్చిన అక్షాల పద్ధతి ఉంది, చీలమండ, తుంటి, వెన్నుకి 2002లోనూ, భుజం నుంచి చేతి దాకా 2005లోనూ అంతర్జాతీయ బయోమెకానిక్స్ సంఘం సిఫార్సులు ఇచ్చింది. మీరు వాటిలో దేన్ని పాటించారు, ఎక్కడ పక్కకి తప్పుకున్నారు అన్నది డేటాతోపాటు రాసి ఉండకపోతే ఆ కోణాలు చూసి ఎవరూ ఏమీ చెయ్యలేరు.

కాబట్టి రికార్డు రిజిస్టర్ చేసేటప్పుడు ఫారం నింపే పనిని దయచేసి తొందరగా ముగించకండి. డేటాసైట్‌కి తప్పనిసరిగా కావలసినవి కొన్నే, గుర్తింపు నంబరు, తయారుచేసినవాళ్ళ పేర్లు, శీర్షిక, ప్రచురించిన చోటు, సంవత్సరం, అది డేటానా కోడా అన్న రకం. వీటితో నంబరైతే వస్తుంది, ఉపయోగం మాత్రం రాదు. మీరు అదనంగా రాయాల్సినది ఒక రీడ్‌మీ ఫైలు, అంటే డేటా గురించి వివరించే ఫైలు. అందులో మార్కర్ సెట్ పేరు, కెమెరా వేగం, ఫోర్స్ ప్లేట్ వేగం, ఫిల్టర్ రకం, కటాఫ్ ఎన్ని హెర్ట్జ్, నేల మీద నడిపించారా ట్రెడ్‌మిల్ మీదా, చెప్పులు వేసుకున్నారా ఉత్త కాళ్ళా, వేగం వాళ్ళ ఇష్టమా మీరు నిర్ణయించారా, బలాన్ని శరీర బరువుతో భాగించారా లేదా, గదిలో ఏ దిక్కు ఎక్స్ అక్షం, ఇవన్నీ ఉండాలి. ఉత్త కాళ్ళ సంగతి ముఖ్యంగా చెప్తున్నాను, మన దగ్గర చాలామంది ఇంట్లో చెప్పులు లేకుండా నడుస్తారు, అది రాయకపోతే బయటి దేశపు పరిశోధకుడు బూట్ల నడకతో పోల్చి కూర్చుంటాడు. వీలైతే సీ3డీని యథాతథంగా పెట్టండి, మార్కర్ల దారులు, ఫోర్స్ ప్లేట్ సిగ్నళ్ళు, ఈఎంజీ అనే కండరాల విద్యుత్ సిగ్నళ్ళు అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. పక్కనే మామూలు టెక్స్ట్ ఫైళ్ళు కూడా పెడితే సాఫ్ట్‌వేర్ లేనివాళ్ళకి మేలు.

ప్రతి ట్రయల్‌కీ, అంటే నడిపించిన ప్రతిసారికీ, ఒక డీఓఐ కావాలా అని ఒక విద్యార్థి ఈమధ్య అడిగాడు. అక్కర్లేదు. మొత్తం డేటాసెట్‌కి ఒకటి, కోడ్‌కి ఒకటి, ప్రోటోకాల్ రాసి ఉంటే దానికి ఒకటి, పేపర్‌కి ఎలాగూ ఒకటి వస్తుంది. వీటి మధ్య చుట్టరికం రికార్డులో చెప్పాలి, ఇది ఆ పేపర్‌కి అనుబంధం, ఇది ఆ డేటాకి కొత్త వెర్షన్, ఇది ఫలానా దాని నుంచి తయారైంది అని. ఆ గడులు చాలామంది ఖాళీగా వదిలేస్తారు, దాంతో పేపర్ దొరికినవాడికి డేటా దొరకదు, డేటా దొరికినవాడికి పేపర్ తెలియదు.

అధ్యయనం మొదలుపెట్టకముందు, ఏం చెయ్యబోతున్నామో రాసి నమోదు చేసే రిజిస్ట్రేషన్ గురించి కూడా నాలుగు మాటలు. మనుషుల మీద ఏదైనా చికిత్సో వ్యాయామమో పరీక్షిస్తుంటే మన దేశంలో సీటీఆర్ఐ అనే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది, భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ సంస్థ నడుపుతుంది, 2007లో మొదలైంది. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి మనిషిని చేర్చుకోకముందే రిజిస్టర్ చెయ్యాలి, తర్వాత చేస్తామంటే తీసుకోరు. ఫీజు లేదు. సంవత్సరం, నెల, ఒక వరుస సంఖ్యతో నంబరు వస్తుంది, దాన్ని పేపర్ సారాంశంలోనే రాయండి. చికిత్స లేదు, కేవలం నడక కొలుస్తున్నాం అనేవాళ్ళు ఓఎస్ఎఫ్‌లో రిజిస్టర్ చేసుకోవచ్చు. అక్కడ ప్రాజెక్టు వేరు, రిజిస్ట్రేషన్ వేరు. ప్రాజెక్టులో ఫైళ్ళు మీరు రోజూ మార్చుకోవచ్చు, రిజిస్ట్రేషన్ తేదీతో సహా అక్కడికక్కడ గడ్డకట్టిపోతుంది. పేపర్లో రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వాలి, ప్రాజెక్టుది ఇచ్చి సరిపెడితే ముందుగా అనుకున్నదేంటో, తర్వాత మార్చుకున్నదేంటో చదివేవాడికి తెలిసే దారి లేదు.

ఇక ఇతరుల డేటా వాడుకున్నప్పుడు. ఫిజియోనెట్‌లో పార్కిన్సన్స్ నడక డేటా ఒకటుంది, 93 మంది రోగులు, 73 మంది ఆరోగ్యవంతులు, ఒక్కో పాదం కింద 8 సెన్సర్లు. మెషిన్ లెర్నింగ్ చేసే ప్రతి రెండో విద్యార్థీ దాన్ని ఎప్పుడో ఒకప్పుడు ముట్టుకుని ఉంటాడు. అది మూడు వేర్వేరు అధ్యయనాల నుంచి కూర్చిన డేటా, ఫైలు పేరులో మొదటి రెండు అక్షరాలు చూస్తే ఏది దేనిదో తెలుస్తుంది. "ఫిజియోనెట్ నుంచి తీసుకున్నాం" అని ఒక్క ముక్క రాస్తే చాలదు, డేటాసెట్ డీఓఐ ఇవ్వాలి, వెర్షన్ చెప్పాలి, ఏ అధ్యయనం ఫైళ్ళు వాడారో చెప్పాలి. అలాగే 2018లో బ్రెజిల్ పరిశోధకులు 42 మంది నేల మీదా, ట్రెడ్‌మిల్ మీదా నడిచిన డేటా ఇచ్చారు, 24 మంది యువకులు, 18 మంది పెద్దవాళ్ళు. పీర్‌జే పత్రికలో దాన్ని వర్ణించే వ్యాసానికి ఒక డీఓఐ, ఫిగ్‌షేర్‌లోని డేటాకి ఇంకో డీఓఐ. రెండూ ఇవ్వండి. వాటిని రిఫరెన్సుల జాబితాలోనే పెట్టండి, మెథడ్స్ పేరాలో లింకుగా వదిలేయకండి, ఎందుకంటే పత్రికలు క్రాస్‌రెఫ్‌కి పంపేది ఆ జాబితానే. అందులో లేనిది సైటేషన్‌గా లెక్కకి రాదు. ఆ డేటా తయారుచేసినవాళ్ళకి రావలసిన గుర్తింపుని మనం ఆపేసినట్టే. రాసే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు, పేర్లు, సంవత్సరం, శీర్షిక, వెర్షన్, రిపాజిటరీ, ఆపైన డీఓఐని హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి లింకుగా.

పేర్లన్నాను కాబట్టి మన తెలుగువాళ్ళ బాధ ఒకటి చెప్పాలి. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఫారంలో లాస్ట్ నేమ్ అని అడిగితే ఒకసారి ఇంటిపేరు రాస్తాం, ఇంకోసారి చివరి ముక్క రావు అనో లక్ష్మి అనో రెడ్డి అనో రాస్తాం. మద్రాసులో చదివితే ఇంటిపేరు ఒక్క అక్షరమైపోతుంది. పదేళ్ళలో ఒకే మనిషి మూడు నాలుగు మనుషులుగా చీలిపోతాడు, ఎన్. శ్రీనివాసరావులు పదిమంది కలిసి ఒకరైపోతారు. 2012లో వచ్చిన ఆర్కిడ్ దీనికోసమే, 16 గడుల నంబరు, ఉచితం, ఉద్యోగం మారినా పెళ్ళయి పేరు మారినా మీతోనే ఉంటుంది. ఈ గదిలో ఎవరికి లేకపోయినా ఈ రోజే తీసుకోండి. సంస్థలకి అలాంటిదే రోర్, 2019 నుంచి ఉంది. ఊరి పేరే బ్యాంగలూర్ నుంచి బెంగళూరు అయిన చోట సంస్థల పేర్లు రికార్డుల్లో రెండు రకాలుగా ఉండటం సహజం, నంబరు ఉంటే ఆ గొడవ ఉండదు.

(ప్రశ్న: మేడమ్, రోగుల డేటా బయట పెడితే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు కదా. అలాంటప్పుడు డీఓఐ ఎలా?)

మంచి ప్రశ్న అమ్మా. డీఓఐ తీసుకోవడం అంటే డేటా అందరికీ తెరిచిపెట్టడం అని చాలామంది అనుకుంటారు. అవసరం లేదు. రికార్డు పేజీ అందరికీ కనిపిస్తుంది, శీర్షిక, వివరాలు ఉంటాయి. లోపలి ఫైళ్ళకి తాళం వేసి, అడిగినవాళ్ళకి షరతుల మీద ఇవ్వవచ్చు, ఒక తేదీ దాకా ఆపి ఉంచవచ్చు. ముఖం కనిపించే వీడియోలు ఎలాగూ పెట్టకూడదు. పేరు తీసేస్తే చాలనుకోకండి, నడక తీరుని బట్టి మనిషిని గుర్తుపట్టే పద్ధతులు ఉన్నాయి, వయసు, ఎత్తు, బరువు, ఆపరేషన్ తేదీ కలిపి ఇస్తే చిన్న ఊళ్ళో ఎవరో తెలిసిపోతుంది. 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. దీనికి మందు ముందుగానే వెయ్యాలి, సమ్మతి పత్రంలో "మీ వివరాలు తీసేసిన కొలతలను ఇతర పరిశోధకులతో పంచుకోవచ్చా" అని ఒక విడి ప్రశ్న పెట్టండి, తెలుగులోనో కన్నడలోనో వాళ్ళకి అర్థమయ్యేలా చదివి వినిపించండి. వద్దంటే వాళ్ళ ఫైళ్ళు పక్కన పెట్టండి. ఎప్పుడైనా డేటా వెనక్కి తీసుకోవలసి వచ్చినా డీఓఐని చెరపరు, ఫలానా డేటా ఉండేది, ఫలానా కారణంగా తీసేశారు అని చెప్పే పేజీ అక్కడ మిగులుతుంది.

(ప్రశ్న: పాత థీసిస్ డేటా సంగతేంటండీ? అప్పట్లో సమ్మతి పత్రంలో ఇలాంటి మాట లేదు.)

అలాంటప్పుడు ఫైళ్ళు బయట పెట్టకండి, ఎథిక్స్ కమిటీకి రాసి అడగండి. ఈలోపు కోడ్‌కీ, ప్రోటోకాల్‌కీ నంబరు తీసుకోవడానికి ఎవరి అనుమతీ అడ్డు రాదు, గైడ్‌కి ఒక మాట చెప్తే చాలు. డేటాకి కూడా వివరాలు మాత్రమే ఉన్న రికార్డు పెట్టవచ్చేమో అదే ఉత్తరంలో కమిటీని అడగండి, ఎంతమంది, ఏ పరికరం, ఏ సంవత్సరం, ఎవరిని అడగాలి అన్నంతవరకు. ఎవరిని అడగాలి అన్నచోట విద్యార్థి ఈమెయిల్ ఇవ్వకండి, డిపార్ట్‌మెంట్ ఈమెయిల్ ఇవ్వండి.

ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్ళు తెరవండి. జెనోడోకి శాండ్‌బాక్స్ అని ఒక ప్రాక్టీస్ సైటు ఉంది, అక్కడ వచ్చే నంబరు నిజమైనది కాదు, భయం లేకుండా తప్పులు చెయ్యవచ్చు. ముందు అకౌంటు చేసుకోండి, శీర్షిక దగ్గర "నా డేటా" అని రాయకండి, ఎవరు, ఎక్కడ, ఎలా నడిచారో ఆ ఒక్క లైన్లో తెలియాలి. రాయండి, నేను ఒక్కొక్కరి దగ్గరకి వచ్చి చూస్తాను.